ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంది?

పోయిన నెల ఈ శీర్షికలో మేం అమెరికాలో ఉన్న రోజుల గురించి రాస్తూ న్యూ ఓర్లీన్స్ ఊరిని ముంచిన కత్రినా తుఫాను సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాను. ఊరుకుంటే ఎలా అంటూ ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈసారి వంటిళ్ళూ, పిల్లల చదువులూ పక్కన పెట్టి అంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీలో విపత్తుల మీద సెమినార్ ఉంది. "ముందే హెచ్చరించినా అక్కడి పేదవాళ్ళు మొండికేసి ఊరు కదల్లేదు, ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది?" అంటారు మా లెక్చరర్. అది నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ లెక్చరర్ గారిని ఆ రోజు తారీఖు ఎంతో అడగండి. తుఫాను తీరం దాటింది 2005 ఆగస్టు 29, సోమవారం తెల్లవారుజామున. అంటే నెలాఖరు. ముసలివాళ్ళకూ, వికలాంగులకూ వచ్చే ప్రభుత్వ చెక్కులు చాలామందికి నెల మొదట్లో గానీ చేతికి వచ్చేవి కావు. ఊరొదిలి పోవాలంటే పెట్రోలు కావాలి, దారిలో మోటల్ గది కావాలి. ఇరవై ఎనిమిదో తారీఖున ఎవరి పర్సులో ఎంతుంటుందో నెల జీతం మీద బతికినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

లూసియానా రాష్ట్రంలోని ఆ న్యూ ఓర్లీన్స్‌కు మేయర్‌గా ఉన్న రే నాగిన్ "అందరూ ఖాళీ చేయాల్సిందే" అని ఆదేశం ఇచ్చింది ఆదివారం పొద్దున. తుఫానుకు అప్పటికి ఒక్క రోజు కూడా పూర్తిగా లేదు. రోడ్ల ఏర్పాటు మాత్రం బాగా చేశారు, ఒప్పుకోవాలి. హైవేల మీద రెండు వైపుల లేన్లూ ఊరి బయటికే పోయేలా మళ్ళించారు. ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా కలిపి దాదాపు పది లక్షల మంది అలా బయటపడ్డారు. వాళ్ళు కార్లున్నవాళ్ళు. ఊళ్ళో నాలుగిళ్ళకు ఒక ఇంట్లో కారు లేదు.

ఈ సంగతి అధికారులకు తెలియక కాదు. అంతకు ఏడాది ముందు, 2004 జులైలో, ఫీమా వాళ్ళ డబ్బుతో ఆ రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో ఒక రిహార్సల్ జరిగింది. (ఫీమా అంటే విపత్తులప్పుడు సాయం చూసే కేంద్ర సంస్థ.) ‘పామ్’ అని ఒక ఊహా తుఫానుకు పేరు పెట్టి, ఊరు మునిగితే ఎవరేం చేయాలో కొన్ని రోజులు కూర్చుని లెక్కలేశారు. బండి లేని లక్ష మంది అప్పుడే కాగితం మీదికొచ్చారు. వాళ్ళను ఎవరు, ఏ బస్సుల్లో తీసుకెళ్ళాలో తేలకముందే అసలు తుఫాను వచ్చేసింది. స్కూలు బస్సులు వరుసగా నీళ్ళలో మునిగిన ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ బస్సులు నడపడానికి డ్రైవర్లను ముందుగా మాట్లాడి పెట్టుకున్నవాళ్ళు లేరు.

ఇక ఆ మొండితనం సంగతి. 1965లో బెట్సీ తుఫాను చూసిన పెద్దవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉండేవాళ్ళు. నీళ్ళు పైకొస్తే కప్పు పగలగొట్టుకుని బయటపడొచ్చని అటక మీద గొడ్డలి పెట్టుకునేవాళ్ళట. అలా గొడ్డలి దాచుకున్నవాళ్ళను ప్రమాదం తెలియని మూర్ఖులంటే నేనొప్పుకోను. పైగా ఊరిని ముంచింది కాలువల వెంట కట్టిన వరదగోడలు. యాభైకి పైగా చోట్ల గోడలూ కట్టలూ తెగి ఊళ్ళో నూటికి ఎనభై వంతులు నీళ్ళ కిందికి పోయింది. ఆ గోడలు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్, అంటే కేంద్ర సైన్యంలోని ఇంజనీర్ల విభాగం, కట్టినవి. డిజైన్‌లో లోపం ఉందని 2006లో వాళ్ళే ఒప్పుకున్నారు. నష్టపరిహారం కోసం జనం కోర్టుకెళితే 1928 నాటి చట్టం అడ్డం వచ్చింది. వరదల వల్ల నష్టం జరిగితే కేంద్రం బాధ్యత వహించదని అందులో రాసుంది!

మిగిలినవాళ్ళను సూపర్‌డోమ్ స్టేడియానికి పొమ్మన్నారు. అది నిండాక వేల మంది కన్వెన్షన్ సెంటర్‌కు చేరారు. అక్కడ తిండి లేదు, నీళ్ళు లేవు. టీవీలన్నీ వాళ్ళను చూపిస్తూనే ఉన్నాయి. సెప్టెంబర్ 1, గురువారం నాడు ఫీమా డైరెక్టర్ మైకేల్ బ్రౌన్ టీవీలో మాట్లాడుతూ, అక్కడ అంతమంది ఉన్నట్టు తమకు ఆ రోజే తెలిసిందన్నారు. మర్నాడు అధ్యక్షుడు బుష్ ఆయన్ని బాగా పనిచేస్తున్నావని మెచ్చుకున్నారు. పది రోజులకు బ్రౌన్ రాజీనామా చేశారు. మీ సెమినార్‌లో ఈ మూడు తారీఖులూ పక్కపక్కన రాసి చూపించండి, చాలు.

ప్రశ్న: అప్పట్లో నేనొక దినపత్రికలో డెస్కులో ఉండేవాణ్ణి. ఆ ఊరొదిలి పక్క రాష్ట్రం టెక్సాస్‌లోని హ్యూస్టన్ చేరినవాళ్ళను హెడ్డింగుల్లో ‘శరణార్థులు’ అని రాశాం. అది తప్పని ఈమధ్య ఎవరో అన్నారు.
— రిటైరైన సబ్ ఎడిటర్

జవాబు: అక్కడి పత్రికలూ మొదట్లో అలాగే రాశాయండీ. ఆ మాట ఊరొదిలి వచ్చినవాళ్ళకు చాలా కోపం తెప్పించింది. నా ఎదుటే ఒకాయన, టీవీకేసి చూపిస్తూ, "నేను పుట్టింది ఇక్కడ, పన్ను కట్టింది ఇక్కడ, నా దేశంలో నేను ఎవరి శరణు కోరాలి?" అన్నాడు. మనకు ‘నిర్వాసితులు’ అని మంచి మాటే ఉందిగా. మీరొక్కరే రాశారా ఏమిటి, దిగులు పడకండి.

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందని చదివాను. అంత డబ్బు పోసినా పేదలు తిరిగి రాలేకపోయారంటే మధ్యలో ఎవరో తినేసినట్టేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: తిన్నవాళ్ళు లేరనను. కానీ మీరు బ్యాంకులో ఉన్నారు కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. ఎవరూ ఒక్క పైసా తినకపోయినా, రూల్సు రాసే పద్ధతిలోనే డబ్బు ఒక వైపుకు ఒరిగిపోవచ్చు.

అప్పుడు మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకు ఉద్యోగం. నాది డిపెండెంట్ వీసా, జీతానికి పని చేయడానికి లేదు. ఊరికే పని చేయడానికి మాత్రం ఎవరూ వద్దనరుగా! బస్సుల్లో వచ్చినవాళ్ళను ఉంచిన ఒక షెల్టర్‌లో, మడత బల్ల ముందు కూర్చుని సాయం ఫారాలు నింపే పని నాకిచ్చారు. నా బల్ల ముందుకొచ్చిన వాళ్ళలో న్యూ ఓర్లీన్స్‌లో నల్లవాళ్ళుండే పేట లోయర్ నైన్త్ వార్డ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. డెబ్భై దాటాయి. ఆ ఊరివాళ్ళ అలవాటు ప్రకారం నన్ను కూడా "బేబీ" అనే పిలిచేది. దిండు గలీబులో పర్సు, మందుల సీసాలు, ఒక ఫోటో. ఆవిడ సామాను అంతే.

ఫారంలో మొదట సోషల్ సెక్యూరిటీ నంబర్. అది ఆవిడకు కంఠతా వచ్చు. తర్వాత దెబ్బతిన్న ఇంటి అడ్రసు. అదీ చెప్పింది. ఆ తర్వాత, "ప్రస్తుతం ఉంటున్న అడ్రసు." ఇద్దరం చుట్టూ చూశాం. మడత మంచాల వరుసలు. "ఫోన్ నంబర్?" ఆ ఫోను నీళ్ళలో ఉంది. చివరికి మా అపార్ట్‌మెంట్ అడ్రసూ, మా ఇంటి ఫోనూ రాశాను. ఆ తర్వాత చాలా నెలలు ఆవిడ ఉత్తరాలన్నీ మా పెట్టెలోకే వచ్చేవి. ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఫోను చేసి "రేపు పదింటికి ఇంటి దగ్గర ఉంటారా?" అనేవాడు. ఏ ఇల్లు? ఆ ఇల్లు ఐదారు గంటల దూరంలో ఉంది. మిగతా పేటలు తెరిచాక కూడా ఆ పేటకు జనాన్ని చాలాకాలం పోనివ్వలేదు. నాలుగో ఫోనుకు అతని గొంతు గుర్తుపట్టేదాన్ని. అతనూ పాపం ఇంటికింత అని లెక్కకట్టి తీసుకునే కాంట్రాక్టు మనిషే.

అసలు చిక్కు ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది. "ఇల్లు మీ సొంతమేనా?" "నలభై ఏళ్ళుగా పన్ను కడుతున్నాను, బేబీ." "కాగితం ఎవరి పేరు మీద ఉంది?" "మా మామగారి పేరు మీద."

మామగారు పోయి చాలాకాలమైంది. భర్త కూడా పోయాడు. పేరు మార్పించాలంటే లాయరు కావాలి, చికాగోలో ఒక ఆడపడుచు సంతకం కావాలి, లాస్ ఏంజిలిస్‌లో చనిపోయిన మరిది పిల్లల సంతకాలు కావాలి. ఇంట్లో మనవాళ్ళే ఉంటుంటే ఆ ఖర్చెందుకని ఎవరూ మార్పించలేదు. ఆవిడ ఒక్కర్తే కాదు, ఆ పేటలో ఇలాంటివాళ్ళు ఎందరో. చాలామంది అనుకునేటట్టు లోయర్ నైన్త్ అద్దె కొంపల పేట కాదు. సగానికి పైగా ఇళ్ళలో సొంతదారులే ఉండేవాళ్ళు. తాతలు కట్టిన ఇళ్ళు, అప్పు లేని ఇళ్ళు. బ్యాంకు అప్పు లేదు కాబట్టి బ్యాంకువాళ్ళు పట్టుబట్టి కట్టించే వరద ఇన్సూరెన్సు కూడా చాలామందికి లేదు. అప్పు లేకపోవడం కూడా ఒక లోపమవుతుందని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది.

కాగితం సరిగ్గా ఉన్నవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఇళ్ళు తిరిగి కట్టుకోవడానికి లూసియానా రాష్ట్రం కేంద్రం డబ్బుతో ‘రోడ్ హోమ్’ అని పథకం పెట్టింది. ఒక్కో ఇంటికి గరిష్ఠంగా 1,50,000 డాలర్లు. వినడానికి బాగుంది. లెక్క చూడండి: తుఫానుకు ముందు ఇంటి మార్కెట్ ధర, బాగు చేయడానికయ్యే ఖర్చు – ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాన్ని బట్టి ఇస్తారు. ఒకే కొలతల ఇళ్ళు రెండున్నాయనుకోండి. రెండిటికీ బాగుచేతకు 1,20,000 డాలర్లవుతుంది. మంచి పేటలో ఇంటి ధర 2,00,000. ఆయనకు 1,20,000 లెక్క పడుతుంది. నల్లవాళ్ళ పేటలో ఇంటి ధర 60,000. ఆవిడకు 60,000 లెక్కే పడుతుంది. సిమెంటు బస్తా ఇద్దరికీ ఒకే రేటు, కూలీ ఒకే రేటు. సగం కప్పు వేసుకుని ఎవరుంటారు?

నల్లజాతి ఇళ్ళ యజమానులు కొందరు, రెండు సంస్థలతో కలిసి 2008లో దీని మీద దావా వేశారు. 2011లో 6.2 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అప్పటికి తుఫాను వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళలో పిల్లలు కొత్త ఊళ్ళో స్కూలు చదువు ముగించేస్తారు, ఇంకెవరు వెనక్కొస్తారు? 2000 జనాభా లెక్కల్లో 4,84,674 మంది ఉన్న ఊరు 2010 నాటికి 3,43,829కి పడిపోయింది.

అద్దెకుండేవాళ్ళకు ఈ పథకంలో ఇచ్చేదేమీ లేదు. పేదల కోసం ప్రభుత్వమే కట్టిన నాలుగు పెద్ద కాలనీలను, దాదాపు 4,500 ఇళ్ళు, కూల్చాలని 2007 డిసెంబర్‌లో నగర కౌన్సిల్ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా తీర్మానించింది. అక్కడ మళ్ళీ కట్టారు, కానీ పాతవాళ్ళందరికీ చోటు లేకుండా కట్టారు.

ప్రశ్న: సూటిగా చెప్పండి, అది జాతి వివక్షా కాదా?
— ఒక పాఠకుడు

జవాబు: నీళ్ళు వివక్ష చూపలేదు. డబ్బున్న తెల్లవాళ్ళుండే లేక్‌వ్యూ కూడా నిండా మునిగింది. పైన చెప్పిన లెక్కలో నలుపు, తెలుపు అనే మాటలు ఎక్కడా లేవు. అవి రాయక్కర్లేకుండానే పని జరిగిపోయింది. పేటల ధరల్లోనే ఆ తేడా ముందే ఉంది. ఇంతకంటే సూటిగా నాకు చెప్పడం రాదు.

ప్రశ్న: ఆ తర్వాతైనా ఏమన్నా మారిందా? ఇంకోటి, ఆ ఊరి ఇళ్ళ గోడల మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి అంకెలు రాసిన ఫోటో చూశాను. ఏమిటది?
— ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మారింది, చాలా మెల్లిగా. ఇంటి కాగితం లేనివాళ్ళ గొడవ 2017లో ప్యూర్టో రికోలో మరియా తుఫానప్పుడు మళ్ళీ అలాగే వచ్చింది. 2021లో గానీ ఫీమా ఆ రూలు సడలించలేదు. ఇప్పుడు మరికొన్ని రకాల కాగితాలు ఒప్పుకుంటారు, ఏదీ లేకపోతే కొన్ని సందర్భాల్లో సొంతంగా రాసిచ్చిన వాంగ్మూలమైనా తీసుకుంటారు. నేను బల్ల ముందు కూర్చున్న పదహారేళ్ళకు.

ఆ ఇంటూ గుర్తు ఇల్లిల్లూ వెతికిన బృందాలు స్ప్రే పెయింటుతో వేసింది. నాలుగు గళ్ళుగా చదవాలి. ఎడమ పక్క ఏ బృందం వెతికిందో, పైన తారీఖు, కుడి పక్క గ్యాసు లీకు లాంటి ప్రమాదం ఏమన్నా ఉంటే అది, కింద దొరికిన మనుషుల లెక్క. కింద సున్నా ఉంటే హమ్మయ్య అనుకోవాలి.

2006 ఎండాకాలంలో పెద్దావిడను మా కారులో ఆ ఇంటికి తీసుకెళ్ళాం. ఇల్లు పునాది మీంచి జరిగి, ఒక పక్కకు ఒరిగి ఉంది. తలుపు పక్కన ఆ గుర్తు, కింద సున్నా. వెతకడానికొచ్చినవాళ్ళు తలుపు అప్పటికే పగలగొట్టారు. ఆవిడ లోపలికి తొంగి చూసి, అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగింది. మా ఆయన్ని స్క్రూ డ్రైవర్ ఉందా అని అడిగింది. తలుపు పైన ఇత్తడి ఇంటి నంబర్, నాలుగంకెలు, ఒక్కొక్కటీ ఊడదీయించుకుని పర్సులో వేసుకుంది.

"ఫారాల్లో అడ్రసు అడుగుతూనే ఉంటారుగా, బేబీ" అంది.