బిల్డింగు నీళ్ల బాధ్యత తీసుకున్న మేనల్లుడికి

బెంగళూరు

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆరంతస్తుల బిల్డింగులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరావని అక్క చెప్పింది. కింద హోటలు, మధ్యలో ఆఫీసులు, పైన జిమ్ము ఉన్నాయంటే నీళ్లతో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ నీకు ఎదురవుతాయి. పైపు అతికించే ప్లంబరు అరగంటకో గంటకో వస్తాడు. ఈలోగా నీళ్లు ఆపాల్సింది నువ్వు, లేదా రాత్రి డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ. అసలు పని అదే.

పైపు పగిలిందనగానే చాలామంది బేస్‌మెంటుకి పరిగెత్తి సంపు మోటారు ఆపేస్తారు. లీకు మాత్రం ఆగదు, ఎందుకంటే నీళ్లు పైట్యాంకు నుంచి దిగుతున్నాయి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషర్ లెక్కన, నీ బిల్డింగులో కింది అంతస్తు పైపు మీద రెండు బార్ పైనే ఉంటుంది. ముందు ఆ అంతస్తు షాఫ్టులో (పైపులు దిగే సందులో) ఉన్న వాల్వు కట్టెయ్. అది పనిచేయకపోతే టెర్రస్ మీద ఆ డౌన్‌టేక్ లైను (పైట్యాంకు నుంచి కిందికి దిగే పైపు) వాల్వు కట్టు. ప్రెషర్ పంపు ఉంటే దాని ప్యానెల్ కూడా ఆపు. టెర్రస్ తాళం ఓనరు ఇంట్లో ఉందంటే వాల్వు ఉండీ లేనట్టే. ఒక తాళంచెవి సెక్యూరిటీ క్యాబిన్‌లో ఉండాలి.

ఈ వారంలోనే ప్రతి వాల్వుకీ పెద్ద అంకె రాసిన రేకు బిళ్ల కట్టు. ఏ అంకె ఏ లైనుదో చార్టు రాసి క్యాబిన్‌లో అంటించు. మీ ప్లంబరు ఒడిశా వాడు కావచ్చు, సెక్యూరిటీ అస్సాం వాడు కావచ్చు. అంకె అయితే అందరూ చదవగలరు.

మన ఊళ్లో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు గట్టివి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు లోపల సున్నం గట్టిపడుతుంది. అవసరం వచ్చినప్పుడు రెంచి పెట్టి బలంగా తిప్పితే స్పిండిల్ విరుగుతుంది, లోపలి గేటు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకే నెలకోసారి ప్రతి వాల్వునీ పూర్తిగా మూసి తెరవాలి. గేట్ వాల్వు అయితే పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలాలి. బిగుసుకున్నవాటిని రెండంగుళాల లోపు లైన్లలో బాల్ వాల్వులుగా మార్పించు. దాని పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఎవరికైనా చూడగానే తెలుస్తుంది.

నీళ్లు కరెంటు ప్యానెల్ గదిలోకో, స్విచ్‌బోర్డు మీదకో చేరితే ఆ తడిలో కాలు పెట్టవద్దు. పొడిగా ఉన్న చోటి నుంచి, ఆ ప్యానెల్‌కి కరెంటు పంపే మెయిన్ స్విచ్చు ఆపించు. లిఫ్టు గుంటలోకి నీళ్లు వెళ్తుంటే లిఫ్టులో ఎవరూ లేరని చూసుకుని, పై అంతస్తుకి పంపి ఆపెయ్.

సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు చీలితే కనిపించే పగులు దగ్గర కోసి ఊరుకోకూడదు. సన్నటి గీత ఇంకా ముందుకి పాకి ఉంటుంది. రెండు వైపులా మరో రెండేసి అంగుళాలు తీసేయమను. అతికించే ముందు పై కుళాయి ఒకటి, అన్నిటికంటే కింది కుళాయి ఒకటి తెరిస్తే గాలి లోపలికి వెళ్లి పైపు ఖాళీ అవుతుంది. చుక్క కారుతున్నా సాల్వెంటు (పైపులు అతికించే జిగురు) పట్టదు. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. కింద దుకాణాల వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆ సమయం తగ్గించకు. మళ్లీ నీళ్లు వదిలేటప్పుడు వాల్వుని మెల్లగా తెరువు, ఒక్కసారిగా తెరిస్తే ఆ దెబ్బకి ఇంకో బలహీనమైన జాయింటు ఊడుతుంది. ప్లాస్టిక్ మరల దగ్గర పైపు రెంచితో అతిగా బిగించడం కూడా ఇలాంటి పగుళ్లకి పెద్ద కారణం. ఇనుప పైపుకి కలిపేచోట ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడించు.

స్టోరులో ఉంచాల్సినవి: నీ లైన్లలో ఉన్న ప్రతి సైజుకీ రెండు రిపేర్ క్లాంపులు, నాలుగు కప్లింగులు, ఒక యూనియన్, మూడడుగుల పైపు, టెఫ్లాన్ టేపు, గడువు దాటని సాల్వెంటు. రాత్రి రెండింటికి ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ బజారులో ఏ షట్టరూ తెరిచి ఉండదు.

మురుగు సంగతి వేరు. కింది టాయిలెట్‌లో మురుగు పైకి తన్నుతోందంటే అది పై అంతస్తుల వాళ్లు వదిలిన నీరు. ముందు పైవాళ్ల వాడకం ఆపించు, వాల్వులు కట్టించు. తరవాత ఛాంబరు మూతలు వరసగా తెరిచి చూడు. ఒకటి నిండి, దాని తరవాతది ఖాళీగా ఉంటే అడ్డు ఆ రెంటి మధ్యే ఉంది. రోడ్డు పక్క ఆఖరిది కూడా నిండి ఉంటే తప్పు బయటి లైనులో ఉండొచ్చు, జలమండలి 1916కి ఫోన్ చెయ్. హోటలు వైపు అడ్డు పడితే చాలావరకు నూనె జిడ్డే. గ్రీజు ట్రాపుని (జిడ్డుని ఆపే తొట్టిని) శుభ్రం చేసిన తేదీ వాళ్ల చేతే రిజిస్టరులో రాయించు. యాసిడ్ పోయించకు. అడ్డు కరగకపోతే ఆ యాసిడ్ అక్కడే నిలిచి, తరవాత రాడ్డు పెట్టేవాడి ముఖాన చిమ్ముతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మ్యాన్‌హోల్‌లోకి గానీ, ఎస్టీపీ (మురుగు శుద్ధి చేసే) ట్యాంకులోకి గానీ ఎవరినీ దించవద్దు, "ఒక్క నిమిషం సార్" అని వాళ్లే అడిగినా సరే. అక్కడ ఊరే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా దించడం, మాన్యువల్ స్కావెంజింగ్‌ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. జెట్టింగ్ బండిని (నీళ్లని బలంగా చిమ్మి అడ్డు తొలగించేదాన్ని) పిలిపించు, అది వచ్చేదాకా కంపు భరించమను.

ఫాల్స్ సీలింగు పని చేసేవాళ్ల నిచ్చెన తగిలి నిప్పు ఆర్పడానికి పెట్టిన స్ప్రింక్లర్ పగిలితే ముందు జాకీ పంపు (లైనులో ప్రెషర్ నిలిపే చిన్న పంపు), ఆ వెంటే మెయిన్ పంపు వాటంతటవే నడుస్తాయి. నిజంగా నిప్పు లేదని కళ్లతో చూశాకే ఆ అంతస్తు జోన్ వాల్వు కట్టి, పంపులని ఆటో నుంచి తప్పించు. కొత్త హెడ్ బిగించేదాకా ఆ అంతస్తులో మనిషిని కాపలా పెట్టు. పని అయ్యాక వాల్వు తెరిచి, పంపులు మళ్లీ ఆటోలో పెట్టి, నువ్వే స్వయంగా చూసి రిజిస్టరులో సంతకం చెయ్యి.

నేల తుడవకముందే ఫోటోలు తీయించు. ఏ దుకాణంలో ఏం తడిసిందో, వాల్వు ఎన్నింటికి కట్టారో రాసి పెట్టు. ఇన్సూరెన్సు వాళ్లు వాటినే అడుగుతారు.

అక్కకి, బావగారికి నమస్కారాలు చెప్పు. వాల్వుల చార్టు రాయగానే నాకో కాపీ పంపు, ఏదైనా తప్పిపోయిందేమో చూస్తాను.

మీ మామయ్య