పాత రాళ్లలో స్పంజికల శిలాజాలు ఎందుకంత అరుదు?

జంతువులన్నింటిలోకీ పురాతనమైనవని చెప్పే స్పంజికల (స్పాంజి జీవుల) శిలాజాలు అంత అరుదుగా ఎందుకు దొరుకుతాయని మీరు అడిగారు. భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో నేనైతే, వాటి కంటకాలు, అంటే ఒంటిని నిలబెట్టే సన్నని ముళ్లు, కరిగిపోతాయి కాబట్టి అని ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

ఆ సగాన్ని కళ్లారా చూసింది ఇంగ్లండ్ దక్షిణ తీరాన, ససెక్స్ సుద్ద కొండల కింద. ఒడ్డున పడివున్న చెకుముకి రాళ్లలో గుల్లగా ఉన్నదొకటి పగలగొడితే, లోపల బియ్యప్పిండి లాంటి తెల్లని పొడి కనిపించింది. దాన్ని నీటిలో కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టగా సన్నని సూదులూ, మూడు నాలుగు కొమ్ముల ముళ్లూ బయటపడ్డాయి. అవి డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు స్పంజికల కంటకాలు. స్పంజిక చచ్చిన వెంటనే మెత్తని దేహం కుళ్లిపోతుంది, చాలా జాతుల్లో కంటకాలు దేనికది విడిపోయి రాలిపోతాయి. వాటిలోని సిలికాకు (ఇసుకలో ఉండే పదార్థమే) స్ఫటిక నిర్మాణం ఉండదు గనుక అది తేలికగా కరిగి, సుద్దబురదలో మరోచోట గడ్డకట్టి చెకుముకి రాయి అవుతుంది. నేను పగలగొట్టిన రాయిలోని సిలికా కూడా చాలావరకు అలా కరిగిన కంటకాల నుంచి వచ్చిందే. గుల్లలో చిక్కిన ఆ చిటికెడు పొడి మాత్రం కరగకుండా మిగిలింది.

అసలు చిక్కు అంతకన్నా ఎంతో పాత రాళ్లలో ఉంది. జన్యువుల పోలికలను బట్టి వేసిన లెక్కల ప్రకారం స్పంజికలు సుమారు 70 కోట్ల ఏళ్ల కిందటే పుట్టాయి. సందేహానికి తావులేని కంటకాలు మాత్రం కేంబ్రియన్ అనే భూయుగం ఆరంభంలో, దాదాపు 54 కోట్ల ఏళ్ల కిందట గాని కనిపించవు. సిలికాను వాడుకునే డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల వంటి జీవులు అప్పటికి లేనందున నాటి సముద్రజలంలో సిలికా ఇప్పటికన్నా చాలా ఎక్కువగా ఉండేది. అలాంటి నీటిలో కంటకాలు కరగడం కన్నా నిలవడమే తేలిక, కాబట్టి కరిగిపోయాయన్న జవాబు ఇక్కడ చెల్లదు. తొలి స్పంజికలకు గట్టి కంటకాలే లేవన్న వాదన నాకు సబబుగా తోస్తుంది. 2024లో నేచర్ పత్రికలో వెలువడిన హెలికోలోసెల్లస్ అనే స్పంజిక శిలాజం ఇందుకు బలమైన ఆధారం. చైనాలో యాంగ్జీ నది కనుమల దగ్గర, సుమారు 55 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాతిలో దొరికిన ఈ జీవి దాదాపు 40 సెంటీమీటర్ల పొడవుంది; ఒంటినిండా గళ్లలో చిన్న గళ్లుగా అచ్చు పడింది గాని, ఖనిజ కంటకం ఒక్కటీ లేదు. అంటే కేంబ్రియన్‌కు ముందటి రాళ్లలో సూదుల కోసం మాత్రమే వెతికేవారు ఇలాంటి మెత్తని గళ్ల అచ్చులను గమనించకుండానే దాటిపోయి ఉండవచ్చు.