సెన్సారు తేదీయా, విడుదల తేదీయా? మా పన్నెండు మంది తగాదా

మిత్రులందరూ కలిసి ఏటా ఉత్తమ తెలుగు చిత్రాల జాబితా వేసుకోవాలనుకుంటున్నామని, అయితే ఏ సినిమాను ఏ ఏడాది ఖాతాలో రాయాలో తేలడం లేదని, సెన్సారు తేదీని పట్టుకోవాలా విడుదల తేదీని పట్టుకోవాలా చెప్పమని మీరు అడిగారు. విడుదల తేదీనే పట్టుకోండి. సమాధానం ఇంతే గానీ, ఈ ఒక్క విషయం మీద ఒక పెద్దమనిషితో ఏళ్ళ తరబడి వాదించిన వాణ్ణి కనుక ఆ కథ చెప్పకుండా ఊరుకోలేను.

కాకినాడలో మేము పన్నెండు మందిమి ప్రతి జనవరిలోనూ ఒకరి ఇంటి మేడ మీద కూర్చుని గడిచిన ఏడాది సినిమాలకు మార్కులు వేస్తాము. ఒక్కొక్కరు పది పేర్లు చీటీ మీద వరుసగా రాస్తారు. మొదటి పేరుకు పది మార్కులు, చివరి పేరుకు ఒకటి. కూడిక నాది, ఎందుకంటే నేను లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. మాలో అందరికంటే పెద్దాయన రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా దస్తావేజులు చూసినవారు. కాగితం మీద ఏ తేదీ ఉంటే లోకంలో ఆ పని ఆనాడే జరిగినట్టు ఆయన లెక్క. హాల్లో దీపాలు ఆరి, జనం ఇంకా సెల్‌ఫోను వెలుగులో సీటు నంబర్లు వెతుక్కుంటూ ఉండగా తెర మీద సెన్సారు సర్టిఫికెట్ పడుతుంది కదా, మనలో దాన్ని చదివేవారు ఎవరూ ఉండరు. ఆయన మాత్రం సినిమా పేరు, భాష, యు అని ఇచ్చారా యుఏ అని ఇచ్చారా, నంబరు, తేదీ అన్నీ చదివి, అందులో తేదీని జేబులోని చిన్న డైరీలో ఎక్కించుకున్నాకే కుర్చీలో వెనక్కి వాలుతారు.

2022 మార్చి 25న ఆర్ఆర్ఆర్ విడుదలైంది. మొదట అది జనవరి 7న రావలసిన చిత్రం. కరోనా మళ్ళీ విజృంభించడంతో వాయిదా పడింది. మేము చూసిన ఆటలో సర్టిఫికెట్ తెర మీద పడగానే ఆయన నన్ను మోచేత్తో పొడిచి, "చూశారా మాస్టారూ, తేదీ కిందటేడాదిదండి" అన్నారు. వెనక వరుసలో ఈలలు మోగుతున్నాయి, కాగితం ముక్కలు నెత్తి మీద పడుతున్నాయి, ఆయనకేమో తేదీ కావలసి వచ్చింది. నేను తల ఊపి ఊరుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది. ఆ తల ఊపడాన్ని ఆయన ఒప్పుకోలుగా డైరీలో రాసుకున్నారు.

2023 జనవరిలో చీటీలు విప్పేసరికి అందరికంటే ఎక్కువ మార్కులు ఆ సినిమాకే వచ్చాయి. ఆయన చీటీలో మాత్రం దాని పేరే లేదు. అది 2021 సినిమా అని, 2022 జాబితాలో దాన్ని చేర్చడం ఒకరి పొలాన్ని మరొకరి పేరున రాయడం లాంటిదని అభ్యంతరం లేవదీశారు. "సినిమా పుట్టేది సెన్సారు నాడేనండి. విడుదల అంటే బారసాల" అన్నారు. ఊరంతా బిడ్డ ముఖం చూసేది బారసాల నాడే కదండీ అని నేనన్నాను. చేతులెత్తిస్తే పదకొండుకు ఒకటిగా ఆయన ఓడిపోయారు. అయినా ఆ సాయంత్రం తెప్పించిన పెసరట్టు ముట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఏడు నెలలు గడిచాయి. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు. అవి 2021వ సంవత్సరానికి సంబంధించినవి. ఉత్తమ తెలుగు చిత్రం ఉప్పెన, ఉత్తమ నటుడు పుష్పకు అల్లు అర్జున్. సంపూర్ణ వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం ఆర్ఆర్ఆర్. ఉప్పెన, పుష్ప 2021లోనే విడుదలయ్యాయి కనుక వాటితో పేచీ లేదు. మూడోదే మా కొంప ముంచింది. జాతీయ పురస్కారాల నిబంధన ప్రకారం జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సెన్సారు సర్టిఫికెట్ పొందిన చిత్రాలే ఆ ఏడాది పోటీకి అర్హమైనవి. విడుదలతో దానికి నిమిత్తం లేదు. మర్నాడు పొద్దున్న ఏడు గంటలకే ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి మా గుమ్మం ముందు నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. "భారత ప్రభుత్వం తప్పు చేసిందంటారా మాస్టారూ?" అని మాత్రం అడిగారు.

అంతటితో వదలలేదు. ఇది కొత్తగా వచ్చిన వింత కాదని చెప్పడానికి శంకరాభరణాన్ని సాక్ష్యంగా తెచ్చారు. కె. విశ్వనాథ్ తీసిన ఆ చిత్రం విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. దానికి ప్రజాదరణ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది మాత్రం 1979వ సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో. మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ అందుకున్న పురస్కారాలూ ఆ 1979 లెక్కలోవే. నలభై ఏళ్ళ పైచిలుకు ఎడంతో రెండు తెలుగు సినిమాలు ఒకే విభాగంలో, ఒకే తీరుగా, జనం ఒక్క ఆట కూడా చూడని ఏడాదికి ఉత్తమమైనవిగా నిలిచాయన్న మాట. ఆయన దాన్ని తన గెలుపుగా చెప్పుకున్నారు. నేను మాత్రం ఆ నిబంధన ఎంత విడ్డూరమైనదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదనుకున్నాను.

ఎందుకంటే శంకరాభరణం చూసినప్పుడు నాకు పదేళ్ళు. మా ఊరి డేరా హాలుకు రీళ్ళ పెట్టె వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. పై నుంచి నీరు కారుతూంటే నేల టిక్కెట్టు వాళ్ళం పక్కకు జరుగుతూ జరుగుతూ గోడ దాకా వెళ్ళాము. పాతబడిన ప్రింటు కావడంతో శంకరశాస్త్రి ముఖం మీద కూడా గీతలు వానలా పడుతూండేవి. మా అమ్మకు ఆ పాటలు ఏ ఏటివని అడిగితే అరటితోటలోకి గోదావరి వచ్చిన ఏడని చెప్పేదే తప్ప, మద్రాసులో ఏ అధికారి ఏ తేదీన సంతకం పెట్టాడో ఆమెకు పట్టదు. జాబితా వేసేది చూసినవాళ్ళం. చూడటానికి వీలులేని రోజుకు సినిమాను తీసుకుపోయి కట్టేయడం నాకు అర్థం కాదు.

ప్రభుత్వం వైపు న్యాయం లేదని అనను. సర్టిఫికెట్ చేతికి అందే కాగితం, దాని మీద తగవు రాదు. థియేటర్లు దొరకక ఆగిపోయిన చిన్న సినిమాకు కూడా పోటీలో చోటు దొరుకుతుంది. పురస్కారాలు ఇచ్చే కార్యాలయానికి అది సరిపోతుంది. మీకూ మాకూ కార్యాలయం లేదు.

ఆస్కారులు ఇచ్చే అమెరికా అకాడమీ వారి పద్ధతి చూడండి. ఆ ఏడాదిలో అక్కడి థియేటర్లో టిక్కెట్టు కొనుక్కుని జనం చూసేలా వరుసగా ఏడు రోజులైనా ఆడాలి. అందుకే ఢిల్లీలో 2021 సినిమా అయిన ఆర్ఆర్ఆర్ వారికి 2022 సినిమా అయింది. నాటు నాటు పాటకు ఆస్కారు వచ్చింది 2023 మార్చిలో. చాప్లిన్ 1952లో తీసిన లైమ్‌లైట్ లాస్ ఏంజిలిస్‌లో 1972 దాకా ఆడలేదు కనుక దాని సంగీతానికి 1973లో ఆస్కారు ఇచ్చారు. ఇరవై ఏళ్ళు ఆలస్యమైనా జనం చూసిన ఏడాదినే లెక్కపెట్టారంటే, ఈ విషయంలో ప్రపంచమంతా నా పక్షానే ఉందని అనుకోవడంలో తప్పు లేదు.

ఒకచోట మాత్రం తప్పు నాదే. 2020లో మార్చి నుంచి హాళ్ళు మూతపడి ఉండగా, థియేటర్లో ఆడనిది సినిమాయే కాదని నేను పట్టుబట్టాను. డిసెంబరు 25న సోలో బ్రతుకే సో బెటర్ హాళ్ళలోకి వచ్చేసరికి ఏడాది అయిపోవచ్చింది. నా పట్టుదల వల్ల, అక్టోబరులో నేరుగా ఆహా అనే ఓటీటీలో వచ్చిన కలర్ ఫొటో మా జాబితా గడప తొక్కలేకపోయింది. తరువాత 2020 ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దానికే వచ్చింది. ఆ నోటుబుక్కు పేజీలో హాళ్ళు మూయక ముందు వచ్చిన నాసిరకం సినిమాలు రెండు మూడు ఇప్పటికీ దర్జాగా కూర్చుని ఉన్నాయి. కాబట్టి విడుదల అంటే జనం చేతికి అందిన మొదటి రోజు, అది తెర మీదనైనా టీవీలోనైనా అని మీ నిబంధనలో రాసుకోండి. చిత్రోత్సవాల్లో వేసిన ఆటలను లెక్కలోకి తీసుకోకండి; పిలుపు ఉన్నవారికే అందేది విడుదల కాదు.

డబ్బింగ్ సినిమాలను బయటే ఉంచండి. బిచ్చగాడు 2016లో మన ఊళ్ళను ఊపేసిన మాట నిజమే, కానీ దాని తల్లి తమిళ సినిమా. రెండు భాషల్లోనూ విడిగా చిత్రీకరించిన వాటికి మాత్రం చోటివ్వవచ్చు. పాత సినిమాల పునర్విడుదలల గురించి రాయనక్కరలేదనుకున్నాను గానీ, 2022 ఆగస్టులో పోకిరి మళ్ళీ వేశారని మా కుర్రాడొకడు దానికి పది మార్కులు వేసి ఇచ్చాడు కనుక అదీ రాసుకోవడం మంచిది.

ఇక నా అసలు బాధ ఒకటుంది. డిసెంబరు మూడో వారం రాకముందే ఉత్తమ చిత్రాలంటూ జాబితాలు వేసేసే పత్రికలను, చానళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. క్రిస్మస్‌కు వచ్చే సినిమాలు ఈ జాబితాలోకి ఎక్కవు, వచ్చే ఏడాది జాబితాలోకీ ఎక్కవు, అవి దిక్కులేనివైపోతాయి. సంక్రాంతి సినిమాల గతి ఇంకో రకం: జనవరిలో చూసినది డిసెంబరు నాటికి ఎవరికీ గుర్తుండదు. అందుకే మేము కనుమ వెళ్ళిన తరువాతి ఆదివారం గానీ కూర్చోము, చీటీ రాయక ముందు గడిచిన ఏడాది జనవరి నుంచి వచ్చిన సినిమాల పేర్లన్నీ ఒకసారి పైకి చదువుతాము.

ఆ చదివే పని ఇప్పుడు మా పెద్దాయనకే అప్పగించాము. ఆయన తన డైరీ చూసి ప్రతి పేరు పక్కనా సెన్సారు తేదీ కూడా చదువుతారు. మేము అడ్డు చెప్పము, పెసరట్టు వచ్చేలోగా ఎలాగూ అయిపోతుంది.