పాత స్టీలు లాంచీ బాగుచేత: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నలభై ఏళ్ల నాటి 14 మీటర్ల స్టీలు లాంచీ బేరానికి వచ్చింది. ఈమధ్యే రంగు వేశారు, పైకి నున్నగా ఉంది. అడుగు ప్లేటు అసలు మందం 6 మి.మీ. అట. మీటరు పెట్టి కొలిస్తే 6.8 వచ్చిందని కాగితం చూపిస్తున్నారు. కొనవచ్చా? (కాకినాడ)

జవాబు: ఉప్పుటేట్లో నలభై ఏళ్లు నానిన ప్లేటు లావెక్కదు కదండీ! మీటరు రంగును కూడా కలిపి చదివింది. అల్ట్రాసోనిక్ మీటరు శబ్దం ప్లేటులోకి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మందం చెబుతుంది. రంగులో శబ్దం చాలా నెమ్మదిగా పోతుంది కాబట్టి ఒక మి.మీ. రంగు దాదాపు రెండున్నర మి.మీ. ఉక్కులా కనబడుతుంది. ఏటా రంగు మీద రంగు కొట్టిన లాంచీకి 0.8 మి.మీ. పొర ఉండడం వింతేమీ కాదు. అలా అయితే మీ 6.8లో 2 మి.మీ. రంగుదే, మిగిలింది 4.8. ఎకో-ఎకో పద్ధతి (రంగును వదిలేసి ఉక్కు మందాన్నే చదివేది) ఉన్న మీటరుతో మళ్లీ కొలిపించండి. అది దొరక్కపోతే రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, జెల్లు రాసి కొలవమనండి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. పాత ప్లేటు మీద ఎవరైనా కొత్త ప్లేటు అతికించి ఉంటే మీటరు ఆ పై ప్లేటునే చదువుతుంది, కిందిది జల్లెడైనా దానికి తెలియదు. అందుకే లాంచీ లోపలికి దిగి చూడాలి. స్టీలు పడవ ఎక్కువగా లోపలి నుంచే పోతుంది. నేల చెక్కలు ఎత్తించండి. మరుగుదొడ్డి కింద, ఇంజను కింద నూనె, నీళ్లు నిలిచే చోట, లంగరు గొలుసు పెట్టె అడుగున, ఫ్రేములకు నీరు పారడానికి వదిలిన కన్నాలు మూసుకుపోయిన చోట పెచ్చులు కొట్టి, సుత్తితో తట్టండి. గట్టి ప్లేటు ఖంగుమంటుంది, తుప్పు తిన్న ప్లేటు మొద్దుగా మోగుతుంది. మందమైన పెచ్చు ఊడి వచ్చిందని హడలిపోకండి, తుప్పు అసలు ఉక్కు కన్నా చాలా రెట్లు ఉబ్బుతుంది. బయట నీటి గీతకు పైనా కిందా జానెడు మేర దగ్గర దగ్గరగా కొలిపించండి. మందంలో పావు వంతు పోయిన చోట, అంటే 6కి 4.5 మి.మీ. వచ్చిన చోట, ప్లేటు మార్చాల్సిందే అనుకుని బేరమాడండి.

ప్రశ్న: మా లాంచీ అడుగున 12 చదరపు మీటర్ల మేర పలచబడింది. పాత ప్లేటు మీదే 5 మి.మీ. ప్లేటు వేసి చుట్టూ వెల్డింగ్ చేస్తే సగం ఖర్చుతో పోతుందని వెల్డరు అంటున్నాడు. (విశాఖపట్నం)

జవాబు: వద్దు. బరువు గురించి కాదు. చదరపు మీటరుకు, మి.మీ. మందానికి 7.85 కిలోల లెక్కన 471 కిలోలు పెరుగుతుంది, 14 మీటర్ల లాంచీ సెంటీమీటరు పైచిలుకు దిగుతుందంతే. చిక్కు రెండు ప్లేట్ల మధ్య సందుది. అందులో చేరిన తేమ ఎటూ పోదు, బ్రష్షూ అక్కడికి చేరదు. పైగా ఫ్రేములు పాత ప్లేటుకే అతికి ఉంటాయి, కొత్త ప్లేటు ఆ తుప్పు ప్లేటు అంచునే పట్టుకుని వేలాడుతుంది. దారిలో చిల్లు పడితే రేవు చేరేదాకా అరచేయంత ముక్క వేసుకోండి, తప్పులేదు.

కోసి కొత్తది వేయడమే సరైన పని. చుట్టూ 5 మి.మీ.కు తగ్గని గట్టి ప్లేటు వచ్చేదాకా కోయాలి. మూలలు చతురస్రంగా వదిలితే అక్కడే పగులు మొదలవుతుంది, 100 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగా తిప్పించండి. 300 మి.మీ. కన్నా చిన్న ముక్కలు వేయించవద్దు. అంచులు చెక్కి 2–3 మి.మీ. సందు ఉంచి, 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో వెల్డింగ్ చేయించండి. ఆ రాడ్లు చెమ్మ పీల్చుకుంటాయి. డబ్బా తెరిచి నాలుగు గంటలు దాటితే ఓవెన్‌లో 300–350 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఆరబెట్టకుండా వాడితే వెల్డులో గాలి బుడగలు, పగుళ్లు వస్తాయి. ముందు అడ్డ జాయింట్లు, తర్వాత లాంచీ పొడవునా పోయే నిలువు జాయింట్లు, జానెడు జానెడు వెనక్కి నడుస్తూ వేయాలి. ఒకే ఊపున చివరిదాకా లాగితే ప్లేటు అప్పడంలా వంకర పోతుంది.

ఎర్తు క్లాంపు (వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే తీగ పట్టు) వెల్డింగ్ చోటికి దగ్గర్లోనే పెట్టించండి, బ్యాటరీ, ఆల్టర్నేటరు వైర్లు విప్పించండి. గోడలకు పాలియురేథేన్ ఫోమ్ ఉంటే కోసే చోటికి చుట్టూ మూరెడు మేర గీకేయాలి. అది అంటుకుంటే వచ్చే పొగలో సైనైడు వాయువు ఉంటుంది. పని ఆపాక గంటపాటు లోపల నీళ్లతో ఒక మనిషిని కాపలా ఉంచండి. ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద సర్వే అయ్యే లాంచీ అయితే, కోయకముందే సర్వేయరుకు చూపించడం మేలు. తర్వాత చూపిస్తే విప్పి మళ్లీ వేయమనవచ్చు.

ప్రశ్న: ఎపాక్సీ రంగు వేసిన నాలుగు నెలలకే అడుగున పొక్కులు. గిల్లితే నీళ్లు కారుతున్నాయి. (మచిలీపట్నం)

జవాబు: రంగు కింద ఉప్పు మిగిలింది. అది పొర గుండా నీటిని లాక్కుంటుంది. బ్లాస్టింగ్‌కు (గులకలను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు ఊడగొట్టడం) ముందే మంచినీళ్లు ఒత్తిడితో కొట్టి కడగాలి. లేకపోతే గులకలు ఆ ఉప్పును ఉక్కులోకే దిగ్గొడతాయి. బ్లాస్టింగ్‌కు ఇసుక వాడనివ్వకండి, ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తుంది. కాపర్ స్లాగ్ గానీ గార్నెట్ గానీ తెప్పించండి. దాదాపు తెల్లటి లోహం కనబడే ఎస్ఎ 2½ శుభ్రత స్థాయి రావాలి, మొదటి కోటు నాలుగు గంటల్లోపు పడాలి.

మన తీరంలో అసలు శత్రువు మంచు, అంటే గాలిలో తేమ చల్లటి ప్లేటు మీద నీరుగా పట్టడం. ఉక్కు వేడి, మంచు పట్టే వేడి కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు మంచు 26 దగ్గర పడుతుంది, అంటే ప్లేటు 29 దాటాలి. రాత్రి చల్లబడిన ప్లేటు పొద్దున్నే అంత వేడెక్కదు. తొమ్మిది, పది దాటాకే మొదలుపెట్టండి. వెల్డు గీతలకు, అంచులకు ముందు బ్రష్షుతో ఒక కోటు పూసి, తర్వాత మొత్తం వేయండి. 80 శాతం ఘనపదార్థం ఉన్న ఎపాక్సీ ఆరాక 125 మైక్రాన్లు రావాలంటే, పాడయ్యేది పోగా లీటరు నాలుగున్నర చదరపు మీటర్లకే వస్తుంది. 60 చదరపు మీటర్ల అడుగుకు కోటుకు 14 లీటర్లు కొనండి. మూడు కోట్లు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఉన్న లాంచీని కాకినాడ తెచ్చాం. పాత ఆనోడ్లే (ఉక్కుకు బదులు తాము కరిగి తుప్పు పట్టకుండా కాపాడే లోహపు దిమ్మెలు) ఉంచవచ్చా?

జవాబు: మంచినీటిలో మెగ్నీషియం వేసి ఉంటారు. అది ఉప్పునీటిలో చకచకా కరిగిపోతుంది, చుట్టూ రంగును కూడా లేపేస్తుంది. ఉప్పుటేట్లో అల్యూమినియం వేయించండి. జింక్ సముద్రానికి సరే గానీ, లాంచీ మళ్లీ గోదావరికి వెళ్తే పొర కట్టి పని మానేస్తుంది. ఆనోడ్ల మీద రంగు పడనివ్వవద్దు.

ప్రశ్న: షాఫ్టు గ్రంథి (ప్రొపెల్లరు షాఫ్టు లాంచీ బయటికి వెళ్లే చోట నీరు రాకుండా ప్యాకింగు తాడు చుట్టి బిగించే భాగం) దగ్గర చుక్కలు కారుతున్నాయి. బిగిస్తే ఆగుతాయా? (యానాం)

జవాబు: ఆగుతాయి, కానీ షాఫ్టు అరుగుతుంది. ఇంజను నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి, ప్యాకింగును చల్లబరిచేవి అవే. అంతకన్నా ఎక్కువైతే నట్లు రెండూ సమానంగా ఆరో వంతు తిప్పి, పది నిమిషాలు నడిపి, గ్రంథి మీద చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే వదులు చేయండి. ప్యాకింగు మార్చినప్పుడు పాత చుట్లన్నీ లాగేసి, కొత్త చుట్ల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా మూడో వంతు మేర జరిపి పెట్టండి.