ల్యాబ్‌లో మృదులాస్థిపై పనిచేసిన మందు మోకాలికీ పనిచేస్తుందా?

మీ అమ్మగారికి మోకాళ్లలో గుజ్జు (మృదులాస్థి) అరిగిందనీ, ల్యాబ్‌లో మృదులాస్థి కణాలపై బాగా పనిచేసిందని వార్త వచ్చిన మందు కోసం ఆగవచ్చా అనీ అడిగారు. ఆ కణాలను ల్యాబ్‌లో పెంచే పని నేను కొన్నేళ్లు చేశాను. ముందు ఆ కణాలను ఎలా పెంచారో చూడండి.

ఈ కణాలను ప్లాస్టిక్ పాత్రలో పలుచగా పరిచి పెంచితే తమ స్వభావాన్నే వదిలేస్తాయి. గుండ్రంగా ఉండవలసినవి సాగి చదునవుతాయి. మృదులాస్థికి ప్రాణమైన ప్రోటీన్, రెండో రకం కొల్లాజెన్‌ తయారీ తగ్గిపోయి, చర్మంలోనూ మచ్చల్లోనూ ఉండే ఒకటో రకం పెరుగుతుంది. అలా మారిన కణాలు సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్ జెల్‌లో మళ్లీ దారికి వస్తాయని 1982లో బెన్యా, షాఫర్ అనే పరిశోధకులు చూపారు. అందుకే మేము అలాంటిదే మరో జెల్ అయిన ఆల్జినేట్ పూసల్లో పెంచేవాళ్లం, లేదా సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పే యంత్రం) గొట్టం అడుగున ఉండగా చేర్చేవాళ్లం.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది మాత్రం అసలు కణజాలమే. మోకాలి మార్పిడిలో తీసేసిన ఎముక చివరల నుంచి, రోగి అనుమతితో, మృదులాస్థిని చిన్న బిళ్లలుగా కోసి పోషక ద్రవంలో ఉంచుతాం. ఇంటర్‌ల్యూకిన్-1 (వాపును రేపే ప్రోటీన్) కలిపితే కొద్ది రోజుల్లోనే ప్రోటియోగ్లైకాన్లు (మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచే అణువులు) ద్రవంలోకి వచ్చేస్తాయి. కొల్లాజెన్ తెగడానికి వారాలు పడుతుంది. మొదటిది చాలావరకు తిరిగి పూడుతుంది, రెండోది పూడటం చాలా కష్టం. మూడు రోజుల ప్రయోగం చూసి ‘గుజ్జును కాపాడింది’ అని రాస్తే నాకు బాధగా ఉంటుంది. అసలు నష్టం అప్పటికి మొదలే కాలేదు! పైగా ఆ బిళ్లలు ముదిరిన జబ్బువి. వ్యాధి తొలిదశ చూడాలంటే కబేళా నుంచి తెచ్చిన పశువుల కీళ్లలోని ఆరోగ్యకరమైన మృదులాస్థి కావాలి. నడకలో పడే ఒత్తిడి కోసం యంత్రంతో నొక్కి వదిలే ఏర్పాటు కూడా ఉండాలి.

మీ అమ్మగారికి ముఖ్యమైనది నొప్పి. మృదులాస్థిలో నరాలు లేవు. నొప్పి పుట్టేది కీలు లోపలి పొర, మృదులాస్థి కింది ఎముక వంటి చోట్ల. కణాలు మాత్రమే ఉన్న పాత్ర నొప్పి గురించి ఏమీ చెప్పజాలదు. ఇప్పుడిప్పుడే పొరనూ ఎముకనూ కలిపి పెంచే నమూనాలు వస్తున్నాయి. నా ఆశంతా వాటి మీదే.

గుజ్జు అరిగే ఈ జబ్బు, అంటే ఆస్టియోఆర్థ్రైటిస్‌లో అరుగుదలను ఆపుతుందని రుజువై అనుమతి పొందిన మందు ఇంతవరకు లేదు. ఆ వార్త కోసం ఆగి ఫిజియోథెరపిస్టు చెప్పిన తొడ కండరాల వ్యాయామం మాత్రం మాన్పించకండి.