ఒక్క సగటు దిశతో సరిపెట్టుకోవద్దు

తిరుపతి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

తీరం దగ్గర నీటిపై తేలుతూ కొలతలు తీసే పరికరం, బోయా, పంపే డేటా నుంచి అలల దిశను లెక్కగట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసంతా అటే ఉంది. చాలా ఏళ్లు ఆ పనిలో గడిపినవాణ్ణి కనుక, నువ్వు మొదలుపెట్టక ముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బోయా దిశను నేరుగా కొలవదు. తాను పైకీ కిందికీ, ఉత్తరదక్షిణాలకూ, తూర్పుపడమరలకూ ఎంత జరిగిందో మాత్రమే నమోదు చేస్తుంది. చిన్నప్పుడు నిన్ను తూపిలిపాళెం తీసుకువెళ్లినప్పుడు, అలలు విరిగే చోటికి అవతల తేలుతున్న కొబ్బరికాయను చూపించాను; అల శిఖరం మీద అది ఒడ్డు వైపుకు వచ్చి, పల్లంలోకి దిగగానే మళ్లీ సముద్రం వైపుకు పోయేది. లెక్కంతా ఆ కదలికలోనే ఉంది. బోయా కదలికలను పౌనఃపున్యాల వారీగా, అంటే అలలు ఎన్ని సెకన్లకొకటి వస్తున్నాయన్నదాన్ని బట్టి విడదీసి దిశను తేల్చే విశ్లేషణకు 1963లో లాంగెట్-హిగ్గిన్స్, కార్ట్‌రైట్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు పునాది వేశారు.

ఆ "పౌనఃపున్యాల వారీగా" అన్న మాటను మరిచిపోవద్దని నా విన్నపం. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరానికి దక్షిణ మహాసముద్రంలో పుట్టిన పొడవైన స్వెల్ (దూరం నుంచి ప్రయాణించి వచ్చే అలలు), ఇక్కడి గాలి లేపిన పొట్టి అలలు ఒకేసారి చేరుతాయి. ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్కిస్తే, 14 సెకన్లకొకటిగా వచ్చే స్వెల్ 170 డిగ్రీల నుంచి, 6 సెకన్లకొకటిగా వచ్చే అలలు 60 డిగ్రీల నుంచి సమాన శక్తితో వస్తున్నాయనుకో. సగటు 115 డిగ్రీలని వస్తుంది, కానీ ఆ దిక్కు నుంచి ఒక్క అల కూడా రాలేదు. పక్కనే గాలి దిశను కూడా గీసుకుంటే, పొట్టి అలలు దాన్ని అనుసరిస్తాయి, స్వెల్ అనుసరించదు.

డిగ్రీలను మామూలు అంకెల్లా సగటు చేయకూడదు. 350కీ 10కీ సగటు 180 కాదు, ఉత్తరం. దిశ అంటే అల వచ్చే వైపా, వెళ్లే వైపా అన్నది ముందే రాసిపెట్టుకో. నేను ఒకసారి ఇది చూసుకోక, అలలన్నీ నేల మీద నుంచి సముద్రంలోకి పోతున్నట్టు నివేదిక తయారుచేశాను. గ్రాఫులో బాణాలను పెన్సిలుతో ఒక్కొక్కటిగా తిప్పి గీసిన ఆ రాత్రి ఇప్పటికీ గుర్తే.

లోతైన నీటిలో బోయా నిలువు కదలిక, అడ్డం కదలిక సమానంగా ఉండాలి. లోతు తగ్గే కొద్దీ అడ్డం కదలికే ఎక్కువవుతుంది. అది తక్కువగా కనిపిస్తే బోయా స్వేచ్ఛగా కదలడం లేదని అనుమానించు. 14 సెకన్ల అల పొడవు లోతైన సముద్రంలో 300 మీటర్ల పైమాటే కనుక, 150 మీటర్ల లోతు నుంచే సముద్రపు అడుగు ప్రభావం దానికి తగులుతుంది, అది తీరానికి ఎదురుగా తిరగడం మొదలవుతుంది. అందువల్ల నీకు దొరికేది బోయా ఉన్న చోటి దిశే.

మొదటి నెల లెక్కలు పూర్తికాగానే, సగటును పక్కన పెట్టి, పౌనఃపున్యాల వారీగా గీసిన బొమ్మను నాకు పంపు.

మీ పెదనాన్న