బొంతలో దూది బదులు ఏం పరవాలి?

ప్రశ్న: అక్కా, మా ఊళ్లో దూది ఏకేవాళ్లు కనబడడం మానేశారు. ఉన్న బొంతను వాషింగ్ మెషిన్‌లో వేస్తే దూదంతా ఒక మూలకు చేరి ఉండ కట్టింది. పరుపుల అంగట్లో ఫైబర్ షీటు (దూదిలా మెత్తగా ఉండే పాలిస్టర్ పొర) తీసుకోమంటున్నారు. దూది లేకుండా బొంత కుట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: నిక్షేపంగా కుట్టుకోవచ్చమ్మా. మన సీమ ఇళ్లలో పాత బొంత ఏదైనా విప్పి చూడండి, చాలావాటిలో దూదే ఉండదు, చీర మీద చీర పరిచి కుట్టినవే. మన ఎండలకు అదే సరైన పద్ధతని నా గట్టి నమ్మకం. ఒంటికి వెచ్చదనం ఇచ్చేది పొరల నడుమ నిలిచే గాలి. దూది చేసే పనీ అదే. ఐదారు నూలు పొరలు పడితే మార్గశిర మాసం తెల్లవారుజాము చలికి సరిపోతుంది. ఎండాకాలం అదే బొంతను మిద్దె మీద పరుచుకుంటే చెమట పీలుస్తుంది.

ఐదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే 9 అడుగుల పొడవు, 4 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు, రెండు పొరలు వస్తాయి. ఒక మనిషికి మూడు చీరలు చాలు. ముందు జరీ అంచులు కత్తిరించి తీసేయండి. జరీ గుచ్చుకుంటుంది, ఉతికినప్పుడు నూలుతో సమానంగా ముడుచుకోదు కూడా. గంజి పోయేదాకా వేడినీళ్లలో జాడించి ఎండబెట్టండి. తర్వాత చీరను కిటికీ వెలుతురుకు అడ్డం పట్టుకుని చూడండి. పోగులు విడిపోయి సన్నగా కనబడే చోటు లోపలి పొరలోకి పోవాలి, గట్టిగా ఉన్నది పైకి రావాలి. వేలితో లాగితేనే చిరిగే చీరను మాత్రం ఎక్కడా వాడకండి. ఒకటి నిలువుగా, దాని మీదది అడ్డంగా పరిస్తే బొంత ఒక పక్కకే సాగదు. అడ్డం పొరకు పొడవు చాలకపోతే ముక్క అతికించండి, లోపలే కదా, కనబడదు. పొరలు కదలకుండా ముందుగా వేసే కచ్చాకుట్టు నడిమధ్యలో మొదలుపెట్టి అంచులవైపు పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ బుడగలా లేస్తుంది, ఎంత సర్దినా పోదు. ఆ తర్వాత వరుసకూ వరుసకూ మూడు వేళ్ల ఎడంతో రన్నింగ్ కుట్టు వేసుకోండి.

చీరలు లేకపోతే అరిగిన షోలాపూర్ దుప్పటి ఒక్కటి లోపల పెట్టండి. దానంత సుఖమైనది ఇంకోటి లేదు. మందం అంతటా సమానంగా ఉంటుంది, జారదు, ఉండ కట్టదు. కొత్త ఫ్లానెల్ రెండు పొరలు కూడా బాగుంటుంది, కానీ అది ముడుచుకునే గుడ్డ, కత్తిరించే ముందే రెండుసార్లు ఉతకాలి. మందపు టర్కీ తుండు గుడ్డలు వద్దు, తడిస్తే బరువెక్కుతాయి, తొందరగా ఆరవు. కంబళి వెచ్చనే గానీ రుద్ది ఉతికితే బిగుసుకుపోతుంది. పెట్టాలనుకుంటే విప్పి తీసే గలీబు కుట్టుకోండి. రాయదుర్గం వైపు దొరికే జీన్సు ముక్కలు పైన అతుకులకు బాగుంటాయి, లోపల వేస్తే గట్టులు గట్టులుగా తగులుతాయి.

ఫైబర్ షీటు తేలిక, తొందరగా ఆరుతుంది. పిల్లలు ఢిల్లీ చలిలో చదువుకుంటుంటే కుట్టి పంపండి. మన దగ్గర మాత్రం ఒంటి కింద ఉడికిస్తుంది. పొయ్యి దగ్గరికి అసలు తీసుకుపోకండి, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఏది పెట్టినా, తడిసిన బొంతను మీరొక్కరే పిండి తీగ మీద వేయగలరా అని ఆలోచించుకోండి. ఎత్తలేని బొంతను ఎవరూ ఉతకరు.

ప్రశ్న: మా చేను గట్టు మీద బూరుగు చెట్టుంది. కాయలు పగిలి దూది ఊరికే గాలికి పోతోంది. బొంతలో నింపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: దిండ్లకు వాడండన్నా, బొంతకు వద్దు. బూరుగు పోగు నున్నగా ఉంటుంది, పత్తిలా ఒకదానికొకటి పట్టుకోదు. పల్చని గుడ్డలోంచి బయటికి వస్తుంది, ఉతికితే కుట్ల నడుమ ముద్దలవుతుంది. దిండుకైనా దట్టమైన నేత గుడ్డే కావాలి. నింపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దగ్గర్లో దీపం గానీ బీడీ గానీ ఉండకూడదు, చప్పున అంటుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మనవడికో మనవరాలికో మెత్తగా, మందంగా బొంత కుట్టాలని ఉంది. లోపల ఏం పెట్టమంటారు?
– ఒక అమ్మమ్మ, ప్రొద్దుటూరు

జవాబు: మందం వద్దమ్మా. పసిబిడ్డ మెత్తటి దాంట్లోకి ముఖం తిప్పితే ఊపిరాడదు, తల పక్కకు తీసుకునే శక్తి ఉండదు. మీ పాత నూలు చీర మూడు నాలుగు పొరలు చాలు, కుట్లు దగ్గరదగ్గరగా వేసి చదునుగా కుట్టండి. మీరు ఎదురుగా కూర్చుని ఆడించేటప్పుడు కింద పరవండి. నిద్రపుచ్చేటప్పుడు గట్టి పరుపు మీద బిగుతుగా పరిచిన దుప్పటి ఒక్కటే ఉండాలి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది నిండేదాకా బొంత కప్పకండి, దిండు పెట్టకండి. చలేస్తే ఇంకో చొక్కా తొడగండి. గుండీలు, పూసలు, అద్దాలు ఏవీ కుట్టకండి. దారపు ముడులన్నీ లోపలి పొరలో పడేలా చూసుకోండి, పిల్లలు చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు.